టిఫిన్‌కి చాక్లెట్ మఫిన్లు: చక్కెర డబ్బా మూత తీయకుండా

మొదటిసారి ఈ మఫిన్లు ప్లేటులో పెట్టినప్పుడు మా అత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందమ్మే ఇది, పొద్దున్నే బిడ్డలకి కేకు పెడతావా? నల్లంగా ఉండాది" అని పక్కన పెట్టేశారు. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. బేకరీలో కాగితపు కప్పులో పెట్టి అమ్మే చాక్లెట్ మఫిన్ నిజంగా కేకే. మైదా, దాదాపు అంతే బరువు చక్కెర, పైన ఇంకాస్త చాక్లెట్. అది సాయంత్రం తినే వస్తువు, పొద్దున తినేది కాదు.

నేను చెప్పబోయేది వేరే. నాకు ఇది కుదరడానికి ఏడాది పట్టింది, అందులో సగం కాలం కేకులో చక్కెర తీసేసి బెల్లం వేస్తే సరిపోతుందనే భ్రమలో గడిచిపోయింది. సరిపోదు. దీన్ని కేకులా కాకుండా ఇడ్లీ, పెసరట్టు వరుసలో ఒక టిఫిన్ అనుకుని మొదలుపెడితేనే పిండి, తీపి, కొలత, అన్నీ దారిలోకి వస్తాయి. ఇడ్లీకి ముందురోజు పప్పు నానబోస్తాం కదా, దీనికీ అంతే. రాత్రి పావుగంట పని, పొద్దున చల్లారడంతో కలిపి గంట.

ముందు తీపి సంగతి తేల్చుకుందాం. "సహజమైన తీపి" అన్న మాటతో చాలామంది మోసపోతారు, నేనూ మోసపోయాను. బెల్లం కూడా చక్కెరే. అందులో కొంచెం ఖనిజాలు, రంగు, రుచి ఎక్కువ, అంతవరకే. తేనె కూడా అదే బాపతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజూ తినే కేలరీల్లో 10 శాతానికి మించకుండా చూసుకోమన్న చక్కెరల్లో మనం కలుపుకునే చక్కెర, బెల్లం, తేనె, పండ్ల రసం అన్నీ వస్తాయి. కొరికి తినే పండులో ఉన్న తీపి మాత్రం ఆ లెక్కలోకి రాదు. అందుకే ఇందులో తీపి అంతా గింజ తీసిన ఖర్జూరం, మాగిన అరటిపండు నుంచే రావాలని పెట్టుకున్నాను. పీచు కూడా వాటితోపాటే వస్తుంది. ఖర్జూరంలో కూడా బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది, అది మర్చిపోకూడదు. కింద చెప్పిన కొలతలకి నేను లెక్కేసుకుంటే ఒక్కో మఫిన్‌కి సుమారు 10 గ్రాముల తీపి పడుతుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకి "ఇందులో చక్కెర లేదు, తినండి" అని రెండు మూడు పెట్టేయకండి. మా మామయ్యకి సగం పెడతాను, అది కూడా ఉడికించిన గుడ్డు తిన్నాకే.

ఏమేం కావాలి

ఇది తొమ్మిది, పది మఫిన్లకి. కొలతలన్నీ గ్రాముల్లోనే ఇస్తున్నాను, కారణం చెప్తాను.

గోధుమ పిండి 100 గ్రాములు, రాగి పిండి 40, కోకో పౌడర్ 25.
గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు 120 గ్రాములు (కిమియా రకం అయితే సుమారు పద్నాలుగు), నానబెట్టడానికి వేడి పాలు 60 మిల్లీలీటర్లు.
బాగా మాగిన అరటిపండు గుజ్జు 150 గ్రాములు, అంటే మామూలు సైజువి రెండు.
గుడ్డు ఒకటి, పుల్లటి పెరుగు 60 గ్రాములు, నూనె 50 మిల్లీలీటర్లు.
బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, వంటసోడా పావు టీస్పూన్, ఉప్పు పావు టీస్పూన్.
ఇన్‌స్టంట్ కాఫీ పొడి అర టీస్పూన్, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూన్.
ఇష్టమైతే డార్క్ చాక్లెట్ 40 గ్రాములు, కత్తితో తరిగి (అందులో ఉండే చక్కెర పైన చెప్పిన లెక్కలో లేదు). లేదా వేయించి పొట్టు తీసి పలుకులుగా దంచిన వేరుశనగపప్పు ఒక గుప్పెడు.

కప్పుల్లో ఎందుకు చెప్పలేదంటే, నా మొదటి రెండు వాయిలు పాడైంది కప్పు వల్లే. నేను చూసి చేసిన వీడియోలో ఒకామె "ఒక కప్పు" అంటే 240 మిల్లీలీటర్ల కొలత కప్పు. నేను కొలిచింది ఇంట్లో టీ తాగే కప్పుతో, అది నిండా పోస్తే 150 కూడా పట్టదు. పోనీ అన్నీ అదే కప్పుతో కొలిచానా అంటే అదీ లేదు, పాలు మాత్రం స్టీల్ గ్లాసుతో పోశాను. పిండి జావలా అయి, మఫిన్లు పైన పొరలా కట్టి లోపల సంగటిలా మిగిలాయి. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, అది లేకుండా బేకింగ్ జోలికి వెళ్లొద్దని నా సలహా. కూరకి చేతి అంచనా సరిపోతుంది గానీ దీనికి సరిపోదు.

ఇప్పుడు ఒక్కో సరుకు గురించి కొంచెం.

కోకో దగ్గర జాగ్రత్త. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి వేరు, కోకో పౌడర్ వేరు. పాలల్లో కలిపే డబ్బా వెనక చూడండి, సరుకుల వరుసలో మొదటి పేరు చాలావాటికి చక్కెరే ఉంటుంది. దాన్ని తెచ్చి ఇందులో వేస్తే ఇంత కష్టం వృథా. తియ్యదనం లేని కోకో అని రాసి ఉన్నదే తీసుకోండి. అందులోనూ రెండు రకాలు: మామూలుది కొంచెం పుల్లగా, లేత గోధుమరంగులో ఉంటుంది. క్షారంతో శుద్ధి చేసింది ముదురు రంగులో, మెత్తటి రుచితో ఉంటుంది. దీన్నే డచ్ ప్రాసెస్ అంటారు, నెదర్లాండ్స్‌లో 19వ శతాబ్దంలో వాన్ హౌటెన్ మొదలుపెట్టిన పద్ధతి కాబట్టి ఆ పేరు. ప్యాకెట్ మీద 500 లేదా 501 అనే నంబర్ కనిపిస్తే అది క్షారం కలిపినదని అర్థం. ఈ మఫిన్లలో పెరుగు పులుపు ఉంది కాబట్టి ఏ రకమైనా పొంగుతాయి, నాకు మాత్రం మామూలుదే ఇష్టం, చాక్లెట్ ఘాటు తెలుస్తుంది. అన్నట్టు, కోకో అంటే ఎక్కడో విదేశాల్లో పండేది అనుకుంటాం గానీ మన రాష్ట్రంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా బోలెడు పండుతుంది.

ఖర్జూరం మెత్తనిదే కావాలి. నల్లగా మెరుస్తూ అట్టపెట్టెలో వచ్చే కిమియా రకం బాగా కలిసిపోతుంది. ఎండిపోయి గట్టిగా ఉండే రకం ఎంత నానబెట్టినా మిక్సీలో పీచులు పీచులుగా మిగిలిపోతుంది. రంజాన్ నెలలో నెల్లూరు కోటమిట్ట వైపు వెళ్తే రకరకాలు దొరుకుతాయి, అప్పుడే నాలుగు డబ్బాలు ఎక్కువ తెచ్చి ఫ్రిజ్‌లో పడేస్తాను.

అరటిపండు తొక్క మీద నల్ల మచ్చలు వచ్చి, ఇంట్లో ఎవరూ ముట్టుకోని దశకి చేరాలి. పండు మాగేకొద్దీ పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, కాబట్టి పసుపుపచ్చగా నిగనిగలాడే పండు వేస్తే మఫిన్ చప్పగా ఉంటుంది, తీపి చాల్లేదని మీరు బెల్లం డబ్బా వైపు చూస్తారు. మా ఎండలకి ఏప్రిల్, మేలో తెచ్చిన అత్తం రెండో రోజుకే ఆ దశకి వచ్చేస్తుంది. అప్పుడు తొక్క తీసి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో వేసుకోండి. తొక్కతో పెట్టొద్దు, తర్వాత ఊడదీయలేక చేతులు కొంకర్లు పోతాయి. అమృతపాణి అయితే గుజ్జు మెత్తగా వస్తుంది, చక్కెరకేళి అయితే వాసన బాగుంటుంది. కూర అరటి మాత్రం వద్దు.

రాగి పిండి కాల్షియం కోసం వేస్తున్నామా అంటే, నిజం చెప్పాలంటే కాదు. 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో ఉంది, గొప్ప విషయమే. కానీ ఒక మఫిన్‌లో పడేది నాలుగు గ్రాముల రాగి. దాంతో పిల్లల ఎముకలు ఉక్కు అయిపోవు. నేను వేసేది రుచికి. కోకోకీ రాగికీ ఎందుకో భలే జత కుదురుతుంది, వేయించిన వాసన వస్తుంది. మా పుట్టిల్లు కనిగిరి పక్క మెట్టలో, అక్కడ సంగటి తిని పెరిగిన నాలుక కాబట్టి నాకు ఇంకా నచ్చుతుందేమో. ఎంత నచ్చినా మొత్తం పిండిలో మూడో వంతు దాటనివ్వకండి, రాగిలో జిగురు ఉండదు, ఎక్కువైతే మఫిన్ చేతిలోనే రాలిపోతుంది.

నూనెకి సన్‌ఫ్లవర్ చాలు. గానుగ వేరుశనగ నూనె వేసి చూశాను, తింటుంటే పల్లీ పచ్చడి గుర్తొచ్చింది. నెయ్యి వాసన బాగుంటుంది గానీ డిసెంబర్ పొద్దుల్లో డబ్బాలో పేరుకుని మఫిన్ గట్టిపడుతుంది.

రాత్రి చేసే పని

ఖర్జూరాలు గింజ తీసేటప్పుడు ఒక్కోదాన్ని విప్పి లోపల చూడండి. పురుగు ఉంటే లోపలే ఉంటుంది, పైకి తెలీదు. వేడి పాలు పోసి, చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇంకో గిన్నెలో రాగి పిండి, పెరుగు కలిపి అది కూడా ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఈ చిట్కా నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అంబలికి రాత్రే పిండి కలిపి పెట్టుకునే అలవాటు నుంచి వచ్చింది. రాగి పిండి నీళ్లు నెమ్మదిగా పీలుస్తుంది. నేరుగా పొడిగా వేస్తే ఓవెన్‌లో అంత టైమ్ దొరకదు, తింటుంటే పళ్ల కింద సన్నటి ఇసుకలా తగులుతుంది. పెరుగులో రాత్రంతా నానితే ఆ గరుకు పోతుంది. ముద్దగా గట్టిగా అనిపిస్తే నూనె కూడా ఇప్పుడే పోసి కలిపేయండి, పొద్దున ఉండలు కట్టదు.

మూడో గిన్నెలో గోధుమ పిండి, కోకో, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు, కాఫీ పొడి అన్నీ కలిపి ఒకసారి జల్లించి మూతపెట్టండి. జల్లెడ పట్టడం బద్ధకించొద్దు, కోకో ఉండలు కట్టి ఉంటుంది, సోడా ఒకచోట ముద్దగా మిగిలితే అక్కడ కొరికినవాళ్ల మొహం చూడాలి. కాఫీ పొడి ఎందుకంటే, అర స్పూన్ వేస్తే కాఫీ రుచి రాదు, చాక్లెట్ రుచి మాత్రం చిక్కగా తెలుస్తుంది.

పొద్దున

లేవగానే ముందు ఓవెన్ ఆన్ చేయండి, తర్వాతే పళ్లు తోముకోండి. ఓటీజీ (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) అయితే 200 డిగ్రీల మీద, పైన కింద రెండు రాడ్లూ, కనీసం పదిహేను నిమిషాలు. లైట్ ఆరిపోయింది కదా అని పెట్టేయొద్దు, ఆ లైట్ గాలి వేడెక్కిందని చెప్తుంది, గోడలు వేడెక్కాయని కాదు.

ఇక్కడ కరెంటు గురించి ఒక మాట. ఓటీజీలు చాలావరకు 1300 నుంచి 1600 వాట్ల దాకా లాగుతాయి. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. మనం మిక్సీ పెట్టే మామూలు ప్లగ్గు ఆరు ఆంపియర్లది. నేను తెలీక అందులోనే పెట్టి, పైగా ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి నెల రోజులు వాడాను. ఒకరోజు వంటింట్లో చాక్లెట్ వాసన బదులు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, చూస్తే సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ, ప్లగ్గు పిన్ను పక్కన ప్లాస్టిక్ కరిగి కిందికి జారి ఉంది. గీజర్‌కి, ఏసీకి వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే పెట్టండి, అది వంటింట్లో లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మఫిన్లు వచ్చే వారం చేసుకోవచ్చు.

ఓవెన్ వేడెక్కేలోపు ఖర్జూరాలు పాలతో సహా మిక్సీలో వేసి మెత్తగా తిప్పండి. పేస్టులో చిన్న ముక్కలు ఉన్నా ఫర్వాలేదు, పంటి కింద తగిలితే బాగానే ఉంటాయి. అరటిపండ్లు అదే జారులో వేయొద్దు, ఫోర్కుతో చిదమండి. మిక్సీలో తిప్పితే జిగురుగా మారి మఫిన్ బంకబంకగా వస్తుంది. ఈ రెండూ, గుడ్డు, వెనిలా, రాత్రి నానబెట్టిన రాగి–పెరుగు ముద్ద, రాత్రి పోయకపోతే నూనె, అన్నీ ఒక పెద్ద గిన్నెలో వేసి బాగా గిలక్కొట్టండి. గిలక్కొట్టాలంటే ఇప్పుడే కొట్టాలి, ఎంత కొట్టినా నష్టం లేదు.

తర్వాత పొడి పిండి ఒకేసారి వేయండి. ఇక్కడే మన చెయ్యి మనకి శత్రువు. గారెల పిండి గాలి చేరేదాకా తిప్పి తిప్పి అలవాటైన చెయ్యి ఊరుకోదు. గోధుమ పిండి తడిసి, దాన్ని ఎంత తిప్పితే అంత జిగురు సాగుతుంది, చపాతీకి అదే కావాలి, మఫిన్‌కి అదే వద్దు. నేను ఉదయగిరి చెక్క గరిటె వాడతాను. విస్కర్ (గిలక్కొట్టే తీగల గరిటె) కంటే ఇది మంచిది, దానితో ఎక్కువ కలపలేం కాబట్టి. గిన్నె అడుగు నుంచి పైకి తీసి మడతపెట్టినట్టు, గిన్నె తిప్పుకుంటూ ఒక పదిహేను, ఇరవై సార్లు. పొడి పిండి గీతలు కనిపించకుండా పోతే ఆపేయండి. చిన్న చిన్న ఉండలు కనిపిస్తాయి, చెయ్యి దురద పెడుతుంది, అయినా ఆపేయండి. అవి ఓవెన్‌లో సర్దుకుంటాయి. చాక్లెట్ ముక్కలో వేరుశనగ పలుకులో వేసేది చివరి రెండు మడతల్లో.

పిండి ఎంత చిక్కగా ఉండాలంటే, గరిటెతో తీసి వంచితే ఇడ్లీ పిండిలా జారకూడదు, వడియాల పిండిలా అంటుకుని ఉండకూడదు, ముద్దగా ఒక్కసారి "తప్" మని పడాలి. మన చక్కీ గోధుమ పిండి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, ఒక్కో మిల్లు పిండి ఒక్కోలా ఉంటుంది, మరీ గట్టిగా అనిపిస్తే రెండు స్పూన్ల పాలు పోయండి. పలచగా వస్తే అరటిపండు పెద్దదై ఉంటుంది, ఒక స్పూన్ గోధుమ పిండి చల్లండి.

కప్పుల్లో ముప్పావు వరకు నింపండి. మామూలు చిన్న ఓటీజీలో ఆరు గుంటల ట్రే ఒక్కటే పడుతుంది. మిగిలిన పిండిని నేను నూనె రాసిన చిన్న స్టీల్ గిన్నెల్లో, పాయసం తాగే సైజువి ఉంటాయి కదా, వాటిలో వేసి ట్రే పక్కన ఖాళీలో ఇరికిస్తాను. ఖాళీ లేకపోతే రెండో వాయి వేసుకోండి, బేకింగ్ పౌడర్ ఉంది కాబట్టి పాతిక నిమిషాలు ఆగినా పొంగుతుంది, కాకపోతే మొదటి వాయి అంత ఎత్తు రాదు.

200 డిగ్రీల మీద మొదటి ఆరు నిమిషాలు, తర్వాత 175కి తగ్గించి ఇంకో పధ్నాలుగు, పదిహేను నిమిషాలు. మొదట్లో ఎక్కువ వేడి ఎందుకంటే, లోపల పిండి గట్టిపడేలోపే ఆవిరి, గ్యాసు ఒక్కసారి పైకి తన్ని మధ్యలో గోపురంలా లేస్తుంది. మొదటి పదిహేను నిమిషాలు తలుపు తీయొద్దు. మా చిన్నాడికి ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, వాడు తీసి చూసిన ప్రతిసారీ మధ్యలో గుంట పడింది.

అయిందో లేదో పుల్ల గుచ్చి చూడటం అందరికీ తెలుసు. చాక్లెట్ ముక్కలు వేసినప్పుడు పుల్ల మోసం చేస్తుంది, కరిగిన చాక్లెట్ అంటుకుంటే పచ్చిగా ఉందనుకుని ఇంకో పది నిమిషాలు ఉంచి ఎండబెట్టేస్తాం. వేలితో పైన మెల్లగా నొక్కండి. గుంట వెంటనే పైకి లేస్తే అయిపోయినట్టు, వేలి ముద్ర అలాగే ఉంటే ఇంకో మూడు నిమిషాలు. తీశాక ట్రేలో ఐదు నిమిషాలు ఉంచి, తర్వాత బయటికి తీసి జల్లెడ మీదో వైరు స్టాండు మీదో పెట్టండి. ట్రేలోనే వదిలేస్తే అడుగు చెమర్చి తడిగా అవుతుంది. వేడిమీద తింటే కొంచెం జిగురుగా అనిపిస్తుంది, ఖర్జూరం చల్లారేకొద్దీ సర్దుకుంటుంది. కనీసం ఇరవై నిమిషాలు ఆగండి, మీరు ఆగినా పిల్లలు ఆగరనుకోండి.

ఓవెన్ లేకపోతే

కుక్కర్‌లో ఉప్పు పోసి చేసే పద్ధతి అందరూ చెప్తారు. చేయొచ్చు, కానీ నీళ్లు లేకుండా కుక్కర్‌ని అంతసేపు కాల్చడం దానికి మంచిది కాదు, రబ్బరు తీసేసినా సరే. నేను ఓటీజీ కొనకముందు మందపాటి పాత అల్యూమినియం దబరా వాడేదాన్ని. అడుగున రెండు గ్లాసుల కల్లుప్పు, మీద స్టాండు, బరువైన మూత. మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడెక్కించి, స్టీల్ గిన్నెలు పెట్టి, మంట పూర్తిగా తగ్గించి ముప్పై, ముప్పై ఐదు నిమిషాలు. పైభాగం ఓవెన్‌లోలా ఎర్రగా కాదు, మూత మీద చేరిన నీళ్లు పడకుండా మూతకి గుడ్డ చుట్టి, దాని కొసలు మంటకి అందకుండా పైకి ముడివేయండి. ఆ ఉప్పు మళ్లీ మళ్లీ దీనికే వాడుకోండి, కూరల్లోకి పనికిరాదు.

ఇంకో దారి, నాకు ఇదే ఎక్కువ ఇష్టం: గుంట పునుగుల పెనం. గుంటల్లో నూనె చుక్క వేసి, పిండి ముప్పావు నింపి, మూతపెట్టి బాగా సన్నటి సెగ మీద ఐదారు నిమిషాలు, తిప్పి ఇంకో రెండు. ఒక్క గుక్కకి ఒకటి చొప్పున పోయే బుల్లి మఫిన్లు వస్తాయి. దీనికి చాక్లెట్ ముక్కలు వేయొద్దు, అడుగంటి మాడతాయి.

మార్పులు, తప్పులు

శనివారాలు, కార్తీక మాసం గుడ్డు ముట్టని ఇళ్లలో, గుడ్డు బదులు ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడిని మూడు స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఆ జిగురు వేయండి. ఎత్తు కొంచెం తగ్గుతుంది, రుచిలో పెద్ద తేడా రాదు.

ఖర్జూరం అసలు పడనివాళ్లు తాటిబెల్లం 80 గ్రాములు, పాల బదులు అదే 60 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో కరిగించి, పలచటి గుడ్డలో తప్పనిసరిగా వడకట్టి, చల్లారాక వాడొచ్చు. వడకట్టిన గుడ్డలో మిగిలే ఇసుక చూస్తే మీకే తెలుస్తుంది ఎందుకన్నానో. మామూలు బెల్లమైతే పచ్చగా బంగారంలా మెరిసేది కాకుండా ముదురు రంగుది తీసుకోండి, ఆ మెరుపు చాలాసార్లు రసాయనాలదే. రుచి చాలా బాగుంటుంది, కానీ ముందు చెప్పినట్టు అది మళ్లీ చక్కెర లెక్కే, కాబట్టి మా ఇంట్లో పుట్టినరోజులకి మాత్రమే.

మఫిన్ పక్కకి ఒరిగి పొంగితే ఓవెన్‌లో ఒకవైపు వేడి ఎక్కువ, పదిహేనో నిమిషం దాటాక ట్రే తిప్పండి. కోస్తే లోపల పైకి సొరంగాల్లా పొడుగు రంధ్రాలు కనిపిస్తే పిండి ఎక్కువ కలిపారు. సబ్బు రుచి వస్తే సోడా ఎక్కువైంది, పావు టీస్పూన్ అంటే గోపురంలా కాదు, కత్తితో చదును చేసింది. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా పది నిమిషాలు ఆగండి, లోపలి వేడికే సగం ఉడుకుతుంది. అప్పటికీ రాకపోతే గిన్నెల్లోకి మార్చి దబరాలో పెట్టేయడమే, అందం పోతుంది గానీ తినొచ్చు.

తీపి చాలదని ఇంట్లో గొడవ కచ్చితంగా వస్తుంది. మలై కాజాకి పేరుపడ్డ నెల్లూరులో పుట్టిన నాలుకలు కదా. మా పిల్లలు మొదటి వాయి సగం కొరికి వదిలేశారు. అప్పుడు 120కి బదులు 160 గ్రాముల ఖర్జూరంతో మొదలుపెట్టి, వారానికి పది గ్రాములు తగ్గిస్తూ నెలలో 120కి తెచ్చాను, ఒక్కరూ కనిపెట్టలేదు. ఒక్క మఫిన్‌తో స్కూల్‌కి పంపించొద్దు, పదింటికల్లా ఆకలేస్తుంది. పక్కన ఉడికించిన గుడ్డో, శనగల గుగ్గిళ్లో, గ్లాసు పాలో ఉండాలి. వారానికి రెండు రోజులు చాలు, ఆదివారం కారం దోశ చోటు దీనికి ఇవ్వమని నేను చెప్పను, చెప్పినా మా ఇంట్లో వినరు.

దాచుకోవడం మన వాతావరణంలో పెద్ద సమస్య. అరటిపండు తేమ వల్ల వేసవిలో బయట పెడితే రెండో రోజుకే బూజు వాసన మొదలవుతుంది. ఆ రోజుకి బయట, మూడు రోజుల దాకా ఫ్రిజ్‌లో, అంతకుమించి అయితే పూర్తిగా చల్లారాక ఒక్కోటి విడిగా చుట్టి ఫ్రీజర్‌లో నెల వరకు. లంచ్ బాక్సులో పెట్టేటప్పుడు కూడా గోరువెచ్చగా ఉన్నా మూత పెట్టొద్దు. ఫ్రిజ్‌లోవి గట్టిపడితే పడేయకండి, ఓవెన్ వెలిగించక్కర్లేదు కూడా. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక ప్లేటు మీద పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పట్టండి, ఫ్రీజర్‌వైతే ఎనిమిది. మెత్తబడతాయి. అత్తయ్య ఇప్పుడు తినేది అలా ఆవిరి పట్టినదే, ఫిల్టర్ కాఫీలో ముంచుకుని.